డాక్టరు చదువా, కంప్యూటరు చదువా?

ఏటా పదో తరగతి ఫలితాలు వెలువడగానే మన ఇళ్ళలో ఒక ప్రశ్న బయలుదేరుతుంది. పిల్లకు మంచి మార్కులు వచ్చాయి, డాక్టరు చదివించాలా, కంప్యూటరు చదివించాలా? జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద నలుగురిని అడిగితే నాలుగు సలహాలు దొరుకుతాయి. ఒకరు తమ బావమరిది కొడుకు అమెరికాలో ఉన్నాడంటారు. ఇంకొకరు ఊళ్ళో డాక్టరుగారు కట్టిన మూడంతస్తుల మేడ చూపిస్తారు. మూడో ఆయన, కంప్యూటరు ఉద్యోగాలన్నీ యంత్రాలే చేసేస్తున్నాయట కదా అని నిట్టూరుస్తారు. ఇంటికి తిరిగి వచ్చేసరికి తండ్రి వెళ్ళినప్పటి కన్నా ఎక్కువ అయోమయంలో ఉంటాడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ వారం మేము ఈ ప్రశ్ననే తీసుకున్నాము. ఈ మూడు ఊళ్ళలో కొద్ది ఏళ్ళుగా వచ్చిన మార్పు వల్ల పాత లెక్కలు కొన్ని చెల్లకుండా పోయాయి. కొత్త అపోహలు కూడా కొన్ని పుట్టుకొచ్చాయి.

ముందుగా ఒక మాట. ఈ నిర్ణయం ఇంటర్మీడియెట్ పూర్తయ్యాక తీసుకునేదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంటర్ మొదటి సంవత్సరం దరఖాస్తు ఫారం నింపిననాడే అది అయిపోతుంది. బై.పి.సి. అని రాస్తే దారి వైద్యం వైపు, ఎం.పి.సి. అని రాస్తే ఇంజనీరింగ్ వైపు. లెక్కలు వదిలేసి బై.పి.సి.లో చేరిన పిల్లకు మన రాష్ట్రంలో బి.టెక్. కంప్యూటర్ సైన్స్ సీటు రాదు. అటు నుంచి ఇటు రావడానికి మాత్రం 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఒక చిన్న కిటికీ తెరిచింది. ఎం.పి.సి. చదివినవారు కూడా గుర్తింపు ఉన్న బోర్డులో జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయవచ్చునన్నది. కాని నీట్‌లోని 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. ఇంటర్లో రెండేళ్ళు ఆ పుస్తకం ముట్టని వారికి ఆ కిటికీలోంచి దూరడం తేలిక కాదు. పదిహేనేళ్ళ పిల్లల మీద, వాళ్ళకు పెద్దగా తెలియని విషయంలో ఇంత బరువు పెట్టడం న్యాయమా అంటే, కాదనే మా అభిప్రాయం. కాని పద్ధతి అలా ఉంది. కనుక పెద్దలు ముందే తెలుసుకొని ఉండాలి.

ఒకప్పుడు మన పిల్లలకు రెండు దారులూ వరంగల్లోనే మొదలయ్యేవి. కాకతీయ వైద్య కళాశాల 1959లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 2002 నుంచి దాన్నే ఎన్.ఐ.టి. అంటున్నాము. జనగామ రైతు కొడుకైనా, మానుకోట దర్జీ కూతురైనా డాక్టరు కావాలంటే ఎం.జి.ఎం. దవాఖానా దారి పట్టవలసిందే, లేకపోతే హైదరాబాదు పోవలసిందే. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు ఈ మూడు ఊళ్ళు జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ తరువాత 2022 నవంబరులో మహబూబాబాద్‌లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. 2023 సెప్టెంబరులో జనగామ, భూపాలపల్లిలో చెరి వంద సీట్లతో మరో రెండు వచ్చాయి. రైలు మార్గమే లేని భూపాలపల్లిలో, బొగ్గు గనుల పక్కన, వైద్య కళాశాల వస్తుందని ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా చెబితే మనం నవ్వి ఉండేవాళ్ళం.

కంప్యూటరు చదువు ఇలా గడప దాకా రాలేదు. భూపాలపల్లి పిల్లలు మంథని దగ్గర 2010లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. కళాశాలకో, వరంగల్‌కో పోతారు. జనగామ పిల్లలు రైలెక్కి ఘట్‌కేసర్ చుట్టుపక్కల కాలేజీలకు వెళ్ళి వస్తారు. అంటే ఒకప్పుడు దూరంగా ఉన్న వైద్యం ఇప్పుడు దగ్గరైంది. ఊరూరా నేర్పుతారనుకున్న కంప్యూటరే కాస్త దూరంగా నిలబడింది.

ఇక్కడే మొదటి అపోహ పుట్టింది. "మన ఊళ్ళోనే కాలేజీ వచ్చింది కదా, మన పిల్లకు సీటు రాకుండా పోతుందా?" అని. వచ్చే అవకాశం పెరిగిన మాట నిజమే, కాని ఊరిని బట్టి కాదు. ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవాటిని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం రాష్ట్రమంతటి ర్యాంకులను బట్టి భర్తీ చేస్తుంది. జనగామ కాలేజీలో జనగామ పిల్లకు ఎంత హక్కో, గద్వాల పిల్లకూ అంతే హక్కు.

లెక్క వేసి చూద్దాం. మూడు కాలేజీలు కలిపి 350 సీట్లు. అఖిల భారత కోటా తీసేస్తే సుమారు 297 మిగులుతాయి. 2007 చట్టం ప్రకారం బి.సి.-ఇ వర్గానికి 4 శాతం, అంటే పన్నెండు సీట్లు. మూడు జిల్లా కేంద్రాల్లో మూడు పెద్ద భవనాలు లేచాయి, వాటిలో బి.సి.-ఇ కోసం ప్రత్యేకంగా ఉన్నవి ఈ పన్నెండే, అవి కూడా రాష్ట్రమంతటి బి.సి.-ఇ పిల్లలందరికీ కలిపి. మంచి ర్యాంకు వచ్చినవారు ఓపెన్ కేటగిరీలోనూ పోటీ పడవచ్చు, రాష్ట్రంలో ఇప్పుడు జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది కనుక మొత్తం మీద సీట్లు ఇంకా ఎక్కువే. నిరుత్సాహపరచాలని ఈ లెక్క చెప్పడం లేదు. భవనం చూసి ధైర్యపడకూడదు, ర్యాంకు చూసి ధైర్యపడాలి అని చెప్పడానికే.

ఇంకో సంగతి కూడా చాలా ఇళ్ళలో సరిగా తెలియడం లేదు. ముస్లింలందరూ బి.సి.-ఇ కారు. షేక్ కుటుంబాలు అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు లేవు, వారు ఆదాయాన్ని బట్టి ఇ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్ తీసుకోవాలి. దూదేకుల, అంటే నూర్‌బాషా కుటుంబాలు బి.సి.-బి లో ఉన్నాయి. 4 శాతం రిజర్వేషన్ మీద హైకోర్టు 2010లో వ్యతిరేకంగా తీర్పు ఇస్తే, సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఏ సర్టిఫికెట్ మనకు వర్తిస్తుందో కౌన్సెలింగ్ తేదీ వచ్చాక కాదు, ఇంటర్ మొదటి సంవత్సరంలోనే తేల్చుకొని మీసేవలో తీసుకొని పెట్టుకోవాలి.

జల్లెడ ఎక్కడుంది?

ఈ రెండు చదువుల్లో ఏది గొప్ప అన్నది మాకు పనికిమాలిన ప్రశ్నగా తోస్తుంది. అడగవలసిన ప్రశ్న వేరు. జల్లెడ ఎక్కడుంది? వైద్యంలో జల్లెడ గుమ్మం దగ్గరే ఉంది. 2025లో దేశం మొత్తం మీద 22 లక్షల మంది నీట్ రాశారు. ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. లోపలికి వెళ్ళడం కష్టం, కాని వెళ్ళి శ్రద్ధగా చదివినవారు బయటికి డాక్టరుగానే వస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో గుమ్మం బార్లా తెరిచి ఉంది. తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ శాఖలవే. ఒక శాఖలో ఇన్ని సీట్లే ఉండాలన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2024లో తీసేసింది కూడా. జల్లెడ అక్కడా ఉంది, కాకపోతే నాలుగేళ్ళ తరువాత కాలేజీ బయట, ఉద్యోగం ఇచ్చేవాడి చేతిలో ఉంది.

ఈ తేడా అర్థమైతే కుటుంబం దేనికి సిద్ధపడాలో తెలుస్తుంది.

వైద్యం వైపు వెళ్ళేవారు ముందు గుమ్మం దగ్గర నిరీక్షణకు సిద్ధపడాలి. మొదటి ప్రయత్నంలో సీటు రాకపోతే "లాంగ్ టర్మ్" అనే మాట వినబడుతుంది. ఏడాది పాటు హాస్టల్లో ఉండి, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మళ్ళీ అవే పుస్తకాలు. కొందరు రెండేళ్ళు, మూడేళ్ళు అలాగే ఉండిపోతున్నారు. ఆ గదుల్లో మన పిల్లలు ఎంత ఒంటరిగా ఉంటారో నెలకోసారి బిర్యానీ డబ్బా పట్టుకొని వెళ్ళే తల్లికి కొంత తెలుస్తుంది, ఇంటి దగ్గర లెక్కలు వేసే తండ్రికి అంతగా తెలియదు. మా సలహా ఇది. మొదటిసారి సీటుకు దగ్గరగా వచ్చిన పిల్లకు ఒక ఏడాది ఇవ్వండి. చాలా దూరంలో ఆగిపోయిన పిల్లను పరువు కోసం రెండో ఏడాది, మూడో ఏడాది కూర్చోబెట్టకండి. ఆ వయసులో పోయిన ఏడాది తిరిగి రాదు, ఫీజు కన్నా అదే పెద్ద ఖర్చు.

సీటు వచ్చాక కూడా దారి పొడుగే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్ళు. ఆ తరువాత పి.జి. సీటు కోసం మరో నీట్, మరో మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళకు చేరిన పిల్లవాడు స్పెషలిస్టు అయ్యేసరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. కొత్త కాలేజీల్లో లోపాలు లేవని కూడా మేము చెప్పడం లేదు. బోధకుల కొరత మీద 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని పలు ప్రభుత్వ కళాశాలలకు నోటీసులు ఇచ్చింది. అయినా ప్రభుత్వ సీటు ప్రభుత్వ సీటే. ఫీజు నామమాత్రం. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి అరవై వేల రూపాయలుండగా, బి-కేటగిరీకి పది లక్షలు దాటింది, సి-కేటగిరీ అంతకు రెట్టింపు. 1984లో మొదలైన దక్కన్ వైద్య కళాశాల వంటి మైనారిటీ సంస్థలు హైదరాబాదులో ఉన్నాయి, అక్కడా యాజమాన్య కోటా సీటు సామాన్యులకు అందేది కాదు. వడ్డీ మీద బ్యాంకు రుణం తీసుకోవడానికి మన కుటుంబాలు చాలావరకు వెనకాడతాయి. అప్పుడు మిగిలేది పొలం, తల్లి బంగారం. ఒక సంతానం కోసం అవి రెండూ అమ్మేస్తే వెనక ఉన్న చెల్లెళ్ళ చదువు సంగతేమిటని ముందే ఆలోచించాలి.

కంప్యూటరు వైపు వెళ్ళేవారి కష్టం వేరు. చేరడం సులువు కనుక ఇంట్లో వెంటనే మిఠాయిలు పంచుతారు. నాలుగేళ్ళ తరువాత ఇంటర్వ్యూలో "ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూపించు" అంటే చెయ్యి కదలని పిల్లలు చాలామంది. పెద్ద కంపెనీల్లో కొత్తగా చేరేవారికి మూడు, మూడున్నర లక్షల వార్షిక వేతనం ఏళ్ళ తరబడి పెరగక అక్కడక్కడే తిరిగింది. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వచ్చిన తరువాత, కొత్తవారికి ఇచ్చే చిన్న చిన్న పనులు కొన్ని యంత్రమే చేస్తోంది. 2025 జూలైలో టి.సి.ఎస్. సుమారు పన్నెండు వేల మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. బావమరిది కొడుకు పోయిన దారి ఇప్పుడు అంత వెడల్పుగా లేదు.

అలాగని కంప్యూటరు పని అయిపోయిందనడం తొందరపాటు. 2001లో, 2008లో కూడా అలాగే అన్నారు. రెండుసార్లూ పరిశ్రమ తిరిగి లేచింది. నిలబడినవారు ఎవరంటే, పనిని ఇష్టపడి చేసినవారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో కూర్చొని లెక్క చేసే పద్ధతులు రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు మీదుగానే అల్గారిథం అనే మాట పుట్టిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ పేరు చెప్పుకోవడం తేలిక, ఆయనలా ఒక లెక్కను మెట్టు మెట్టుగా విడగొట్టి చూసే ఓపికే కంప్యూటర్ సైన్స్‌కు కావలసింది. మీ పిల్లకు ఆ ఓపిక ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. వేసవి సెలవుల్లో ఉచితంగా దొరికే పాఠాలతో ఒక నెల ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి. తప్పు దొరికేదాకా భోజనానికి లేవని పిల్ల అయితే నిశ్చింతగా పంపండి. వారం రోజులకే విసుగెత్తితే, కంప్యూటర్ సైన్స్ అన్న పేరు చూసి చేర్చకండి.

ఫీజు విషయంలో ఒక హెచ్చరిక. ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే బి.సి., మైనారిటీ విద్యార్థులకు పూర్తి రీయింబర్స్‌మెంటు, దాటితే రూ.35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష దాటితే మిగతాది మన జేబులోంచే. పైగా బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుపోవడంతో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించే దాకా వెళ్ళింది. ప్రభుత్వం ఇస్తుందిలే అన్న ధీమాతో పెద్ద ఫీజు కాలేజీలో చేర్చి, చివర సర్టిఫికెట్ల కోసం తిరగడం మంచిది కాదు.

ఆడపిల్లల సంగతి

ఈ మూడు ఊళ్ళలో కొత్త కాలేజీల వల్ల ఎక్కువ మేలు జరగగలిగేది మన ఆడపిల్లలకే. "హైదరాబాదు హాస్టల్లో ఒంటరిగా ఎలా ఉంచుతాం" అన్న మాట దగ్గర ఎన్నో చదువులు ఆగిపోయాయి. ర్యాంకు బాగా వచ్చి సొంత జిల్లా కాలేజీయే దొరికితే ఇప్పుడు ఆ సాకు లేదు. మహిళా డాక్టరు కోసం భూపాలపల్లి నుంచి వరంగల్ దాకా వెళ్ళే తల్లులు మన ఇళ్ళలోనే ఉన్నారు. పర్దా పాటించే ఇల్లాలు తన జబ్బు చెప్పుకోవడానికి ఆడ డాక్టరును కోరుతుంది, కాని ఆ డాక్టరు తన కూతురే కావడానికి పట్టే ఏళ్ళు లెక్క పెట్టినప్పుడు ఇంట్లో పెద్దలు జంకుతారు. ఇరవై నాలుగేళ్ళ దాకా నిఖా ఆపాలా అని.

ఈ ప్రశ్నను దాటవేయడం మాకు ఇష్టం లేదు. జంకు ఉంటే బై.పి.సి. ఫారం నింపే రోజునే ఇంట్లో బయటపెట్టి మాట్లాడుకోవాలి. మూడో సంవత్సరంలో సంబంధం కుదిర్చి, అత్తవారు దుబాయిలో ఉన్నారని చదువు మానిపించడం అన్యాయం. ఆ పిల్ల మూడేళ్ళు పోవడమే కాదు, ఆ సీటు రాక మరుసటి ఏడాది మళ్ళీ పుస్తకాలు పట్టిన ఇంకో పిల్ల శ్రమ కూడా వృథా అవుతుంది. చదువు సాగనిస్తామని మాట ఇచ్చే అల్లుళ్ళున్నారు, ఆ మాట నిఖాకు ముందు పెద్దల ఎదుట అనిపించుకోవాలి. బి.టెక్. నాలుగేళ్ళలో అయిపోతుంది, ఇంటి నుంచి చేసుకోగల పనులు కొన్ని అందులో ఉన్నాయి. ఇది ఆడపిల్లలకు అనుకూలమనే వాదన సబబైనదే. కాని జీవశాస్త్రం మీద ప్రాణం పెట్టుకున్న పిల్లను పెళ్ళి లెక్క కోసం కంప్యూటరు ముందు కూర్చోబెడితే ఆమె రెంటికీ కాకుండా పోతుంది.

నీట్‌లో ఎం.బి.బి.ఎస్. రాకపోతే జీవితం ముగిసినట్టు బాధపడేవారికి కొన్ని దారులు గుర్తు చేస్తాము. ఉర్దూ వచ్చిన పిల్లలకు అదే నీట్ ర్యాంకుతో యునానీ పట్టా చదివే వీలుంది. చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు అల్లోపతి వైద్యాన్ని కూడా ఉర్దూలోనే బోధించారంటే ఈనాటి పిల్లలు నమ్మరు. బి.ఎస్సీ. నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ ఉన్నాయి. మన ఇళ్ళలో నర్సింగును చిన్నచూపు చూసే అలవాటు ఇంకా పోలేదు, గల్ఫ్ ఆసుపత్రుల్లో మలయాళీ నర్సుల సంపాదన చూసి వచ్చినవారిని అడిగితే పోతుంది. కంప్యూటరు వైపు కూడా పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఇసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బి.టెక్. ఉంది.

విదేశీ ఎం.బి.బి.ఎస్. గురించి ఏజెంట్లు చెప్పే మాటలను మాత్రం సగమే నమ్మండి. చదివి వచ్చినవారు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. పాసు కావాలి. ఆ పరీక్షలో చాలాసార్లు ముగ్గురిలో ఇద్దరికి పైగా తప్పుతున్నారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషులో సాగాలి, అక్కడ ఏడాది, ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్ నుంచి చదువు మధ్యలో వదిలి వచ్చిన పిల్లల అవస్థ మనం చూశాం.

ఎటూ తేలనప్పుడు మన పెద్దలు ఇస్తిఖారా నమాజు చేయమంటారు. మంచిదే. అయితే ఇస్తిఖారాకు తోడు మష్వరా కూడా ఉండాలి, అంటే తెలిసినవారితో సంప్రదింపు. ఇప్పుడు మన ఊరి వైద్య కళాశాలలోనే రెండో సంవత్సరం, మూడో సంవత్సరం పిల్లలున్నారు. మీ పిల్లను వాళ్ళతో ఒక గంట మాట్లాడించండి. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయో లేదో, రాత్రి డ్యూటీ అంటే ఏమిటో వాళ్ళే చెబుతారు. అలాగే ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన ఇంజనీరునూ కలవనివ్వండి. ఇరవై ఏళ్ళ క్రితం అమెరికా పోయిన ఆయన సలహా కన్నా అది పనికొస్తుంది.

చివరగా, స్థానికత విషయం. గల్ఫ్‌లో ఉన్న తండ్రులు, పిల్లలను దూరపు మదరసాలకు పంపే తండ్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలి. రాష్ట్రంలో వైద్య సీటుకు స్థానికులుగా లెక్కించబడాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండు సంవత్సరాలు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలని 2024 జూలైలో జి.ఓ. 33 వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికే మినహాయింపు. పుట్టింది జనగామలోనే, తాత సమాధి మానుకోటలోనే ఉంది అంటే సరిపోదు. కనుక పిల్లవాడికి వేరే రాష్ట్రంలో హిఫ్జ్ చేయించాలనుకునేవారు ఎనిమిదో తరగతి లోపే ఆ ఏర్పాటు చూసుకోవాలి, లేదా ఇక్కడి మదరసానే ఎంచుకోవాలి. జిద్దాలో, రియాద్‌లో ఉన్న కుటుంబాలు డాక్టరు చదువు మనసులో ఉంటే పిల్లలను తొమ్మిదో తరగతి మొదలయ్యే జూన్ కల్లా ఇక్కడి బడిలో చేర్పించాలి.